ఎన్‌క్రిప్ట్ చేసిన రూట్ పార్టిషన్‌ని సిస్టమ్ ఆన్‌లో ఉండగానే పెంచొచ్చా? ఉబుంటు 22.04, లక్స్ (డిస్క్ ఎన్‌క్రిప్షన్) + ఎల్‌వీఎమ్ (డిస్క్ జాగాని భాగాలుగా పంచేది)

హరికథ_మనవరాలు

అందరికీ నమస్కారం. కాస్త పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి ప్లీజ్.

మా తాతగారు హరికథలు చెప్పేవారు. ఆయన క్యాసెట్లు ట్రంకు పెట్టె నిండా ఉన్నాయి, రెండేళ్ల నుంచీ సెలవు దొరికినప్పుడల్లా ఒక్కొక్కటి ల్యాప్‌టాప్‌లోకి ఎక్కిస్తున్నాను. 24 బిట్, 96 కిలోహెర్ట్జ్ వేవ్ ఫైళ్లు కాబట్టి గంటకి 2 జీబీ పైనే పడుతుంది, 90 నిమిషాల క్యాసెట్ అయితే ఒక్కోటి 3 జీబీ, అలా 58 క్యాసెట్లు అయ్యేసరికి నా 256 జీబీ డిస్క్ నిండిపోయింది, చివరికి 1.4 జీబీ మిగిలింది, అంటే ఇంకో క్యాసెట్ కూడా పట్టదు.

అందుకని 512 జీబీ ఎస్ఎస్‌డీ కొన్నాను. దాన్ని యూఎస్‌బీ కేసులో పెట్టి, లైవ్ పెన్‌డ్రైవ్‌తో (ఇన్‌స్టాల్ చేయకుండానే ఉబుంటుని నడిపేది) బూట్ చేసి, పాత డిస్క్ మొత్తాన్ని డీడీ కమాండ్‌తో ఉన్నదున్నట్టు కొత్తదాంట్లోకి కాపీ చేసి, స్క్రూలు విప్పి లోపల మార్చేశాను. బ్రహ్మాండంగా బూట్ అయింది, ఎప్పట్లాగే పాస్‌ఫ్రేజ్ అడిగింది, ఫైళ్లన్నీ ఉన్నాయి. కానీ ఖాళీ మాత్రం అదే 1.4 జీబీ!

ఎల్ఎస్‌బీఎల్‌కే (డిస్క్‌లో భాగాలు చూపించే కమాండ్) కొడితే ఇలా ఉంది:

డిస్క్ మొత్తం 476.9జీ
ఒకటో పార్టిషన్ 512ఎం, ఈఎఫ్ఐ
రెండో పార్టిషన్ 1.7జీ, బూట్
మూడో పార్టిషన్ 236.3జీ, దీంట్లోనే లక్స్
దాని లోపల ఎల్‌వీఎమ్‌లో రూట్ (సిస్టమ్, నా ఫైళ్లు ఉండేది) 234.4జీ, స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు వాడే జాగా) 1.9జీ

మిగతా 238 జీబీ దేనికీ చెందకుండా చివర్లో ఊరికే పడి ఉంది. ఒకచోట చదివితే లైవ్ యూఎస్‌బీ లేకుండా ముట్టుకోవద్దు అన్నారు, ఇంకోచోట జీపార్టెడ్ అనే పార్టిషన్లు మార్చే ప్రోగ్రామ్‌లో ఒక్క క్లిక్ అన్నారు (నేను ఓపెన్ చేస్తే పక్కన తాళం బొమ్మ చూపిస్తోంది, రీసైజ్ ఆప్షన్ అందట్లేదు), మరొకరు ఫార్మాట్ చేసి మొదట్నుంచీ ఇన్‌స్టాల్ చేయమన్నారు. ఎవరి మాట నమ్మాలో తెలీక ఆగిపోయాను.

నా భయం ఏంటంటే ఆ టేపుల్లో కొన్ని ఒకసారి ప్లే చేసేసరికే హెడ్‌కి గోధుమరంగు పొడి అంటుకుని వచ్చింది, రెండోసారి ఎక్కించే పరిస్థితి లేదు. పాత డిస్క్ ఇంకా నా దగ్గరే ఉంది, దాన్ని ముట్టుకోలేదు. ల్యాప్‌టాప్ ఆన్‌లో ఉండగానే ఈ పని చేసుకోవచ్చా? రూట్ తర్వాత స్వాప్ ఉంది కదా, అది అడ్డొస్తుందా?

---

సెక్టార్_లెక్క

మేడమ్ గారూ, ముందుగా ఒక మాట, పాత డిస్క్ ముట్టుకోకుండా ఉంచారు చూడండి, సగం పని అక్కడే అయిపోయింది. దాన్ని యాంటీస్టాటిక్ కవర్లో పెట్టి బీరువాలో పెట్టేయండి, ఈ పని అయ్యి వారం గడిచేదాకా దాని జోలికి వెళ్లొద్దు.

ఇక మీ ప్రశ్నకి: చేయొచ్చు. పెంచడం వరకూ అయితే సిస్టమ్ నడుస్తుండగానే, రూట్ మౌంట్ అయి (అంటే వాడకంలో) ఉండగానే చేసుకోవచ్చు, లైవ్ యూఎస్‌బీ అక్కర్లేదు. తగ్గించడం వేరే కథ, ఈఎక్స్‌టీ4ని (మీ రూట్‌లో ఫైళ్లని అమర్చి ఉంచే ఫైల్‌సిస్టమ్) మౌంట్ అయి ఉండగా తగ్గించడం కుదరదు. ఆ రెండూ కలిపేసి రాయడం వల్లే మీకు మూడు చోట్ల మూడు మాటలు కనబడ్డాయి.

మీ డిస్క్‌ని ఇంటి స్థలం అనుకోండి. పార్టిషన్ అంటే ప్రహరీ గోడ, లక్స్ అంటే లోపలి ఇల్లు, ఎల్‌వీఎమ్ అంటే ఇంట్లో గదులు, ఈఎక్స్‌టీ4 అంటే గదిలో అల్మరా. అల్మరా పెద్దది కావాలంటే గది పెరగాలి, గది పెరగాలంటే ఇల్లు పెరగాలి, దానికి ముందు ప్రహరీ జరగాలి. కాబట్టి పెంచేటప్పుడు బయట్నుంచి లోపలికి రావాలి. ఈ వరసలో ఏ మెట్టు దగ్గర ఆగిపోయినా డేటాకి ఏమీ కాదు, ఎందుకంటే బయటి పొర పెద్దదిగా ఉండి లోపలిది చిన్నదిగా ఉంటే ఎవరికీ ఇబ్బంది లేదు. ఇప్పుడు మీ డిస్క్ పెద్దది, పార్టిషన్ చిన్నది, అయినా బూట్ అవుతోందిగా, అదే లెక్క.

ముట్టుకునే ముందు రెండు పనులు మాత్రం తప్పకుండా చేయండి.

మొదటిది లక్స్ హెడర్ బ్యాకప్. మూడో పార్టిషన్ మొదట్లో ఉండే కొద్దిపాటి జాగాలోనే మీ తాళం సంగతంతా ఉంటుంది, లక్స్2 అయితే మామూలుగా 16 ఎంబీ. మీ పాస్‌ఫ్రేజ్ నేరుగా డేటాని తెరవదు, ఆ హెడర్‌లో దాచిన అసలు కీని తెరుస్తుంది, ఆ కీ డేటాని తెరుస్తుంది. హెడర్ పోతే పాస్‌ఫ్రేజ్ కంఠతా వచ్చినా లాభం లేదు, ఎవరూ ఏమీ చేయలేరు. సుడో క్రిప్ట్‌సెటప్ లక్స్‌హెడర్‌బ్యాకప్ అని, తర్వాత మూడో పార్టిషన్ పేరు, తర్వాత హైఫన్ హైఫన్ హెడర్ హైఫన్ బ్యాకప్ హైఫన్ ఫైల్ అని పెట్టి ఫైల్ పేరు ఇవ్వండి. ఆ ఫైల్‌ని పెన్‌డ్రైవ్‌లోకి మార్చండి, అదే ల్యాప్‌టాప్‌లో ఉంచితే ఉపయోగం లేదు. జాగ్రత్త కూడా ముఖ్యమే, రేపు మీరు పాస్‌ఫ్రేజ్ మార్చినా ఆ బ్యాకప్‌లో పాత పాస్‌ఫ్రేజ్ అలాగే పనిచేస్తుంది, కాబట్టి ఎవరి చేతికీ ఇవ్వకండి.

రెండోది పార్టిషన్ టేబుల్ కాపీ. సుడో ఎస్ఎఫ్‌డిస్క్ హైఫన్ డి, డిస్క్ పేరు. అది చూపించిన స్టార్ట్, సైజ్ నంబర్లని ఫోన్‌తో ఫోటో తీసుకోండి. నిజంగానే ఫోటో తీయండి, ఏదైనా తేడా వస్తే మొదట పనికొచ్చేది ఆ నంబర్లే.

చార్జర్ పెట్టి కూర్చోండి. ఇప్పుడు అసలు పని, నాలుగు మెట్లు. ఫోన్‌లో తెలుగు కీబోర్డుతో కొడుతున్నా కాబట్టి కమాండ్లు ఇలా పలికినట్టు రాస్తున్నా, మీరు టెర్మినల్‌లో ఇంగ్లీషులోనే కొట్టుకోండి, ప్రతిదానికీ ముందు మ్యాన్ పేజీ (ఆ కమాండ్ వివరాల పేజీ) ఒకసారి చూడండి.

ప్రహరీ: క్లౌడ్ గెస్ట్ యూటిల్స్ అనే ప్యాకేజ్ ఇన్‌స్టాల్ చేస్తే గ్రోపార్ట్ అనే చిన్న టూల్ వస్తుంది. దానికి డిస్క్ పేరు ఇచ్చి, ఖాళీ వదిలి 3 అని ఇవ్వాలి, రెండూ కలిపి రాయకూడదు. మొదట డ్రై రన్ ఆప్షన్‌తో నడపండి. పాత సైజ్, కొత్త సైజ్, స్టార్ట్ చూపిస్తుంది. ఆ స్టార్ట్ నంబర్ మీ ఫోటోలో ఉన్న నంబర్‌తో అంకె అంకె సరిపోవాలి. పార్టిషన్ చివర ఎంత జరిగినా పర్లేదు, మొదలు ఒక్క సెక్టార్ కూడా జరగకూడదు, హెడర్ ఉండేది అక్కడే. సరిపోతే అప్పుడు డ్రై రన్ తీసేసి నడపండి. పార్టెడ్‌తో కూడా చేయొచ్చు, అదైతే మీలాగా కాపీ చేసిన డిస్క్ చూడగానే ఫిక్స్ ఆర్ ఇగ్నోర్ అని అడుగుతుంది. జీపీటీ టేబుల్ (డిస్క్‌లోని పార్టిషన్ల పట్టిక) తనకో నకలు డిస్క్ చివర పెట్టుకుంటుంది, మీ నకలు ఇప్పుడు పాత 256 జీబీ చివర ఉన్నచోటే, అంటే కొత్త డిస్క్ మధ్యలో ఉండిపోయింది, దాన్ని చివరికి జరపమంటారా అని దాని ప్రశ్న. ఫిక్స్ అనండి.

ఇల్లు: సుడో క్రిప్ట్‌సెటప్ రీసైజ్, తర్వాత మ్యాపర్ పేరు, అంటే ఎల్ఎస్‌బీఎల్‌కేలో క్రిప్ట్ అని ఉన్న లైన్‌లోని పేరు, పార్టిషన్ పేరు కాదు. ఇక్కడ డేటా ఏదీ కదలదు, మళ్లీ ఎన్‌క్రిప్ట్ అవ్వదు, కెర్నెల్‌కి (ఓఎస్ అసలు భాగానికి) ఇకమీద ఇంతదాకా నీదే అని చెప్పడం మాత్రమే.

గదులు: సుడో పీవీరీసైజ్, మ్యాపర్ పేరు. పీవీ అంటే ఎల్‌వీఎమ్ గదులు కట్టుకునే జాగా. తర్వాత వీజీఎస్ కొట్టి చూస్తే విఫ్రీ (ఇంకా ఏ గదికీ ఇవ్వని జాగా) కాలమ్‌లో 238జీ దాకా కనబడాలి.

అల్మరా: ఎల్‌వీఎక్స్‌టెండ్‌ని హైఫన్ ఆర్ ఆప్షన్‌తో నడిపితే రూట్‌ని, లోపలి ఈఎక్స్‌టీ4ని కలిపే పెంచేస్తుంది. నా సలహా మాత్రం 238 మొత్తం ఇవ్వకండి, 218 ఇచ్చి 20 జీబీ వదిలేయండి. రేపు వెర్షన్ అప్‌గ్రేడ్ చేసే ముందు స్నాప్‌షాట్ (అప్పటి స్థితికి నకలు) తీసుకోవాలంటే ఆ జాగా కావాలి. ఇప్పుడు ఇచ్చేసి రేపు రూట్ తగ్గించి తీసుకోవాలంటే లైవ్ యూఎస్‌బీ కావాలి. పెంచడం ఎప్పుడైనా ఒక్క కమాండే.

స్వాప్ అడ్డు రాదు. ఎల్‌వీఎమ్‌లో గదులు పక్కపక్కనే ఉండక్కర్లేదు, రూట్ కొంత స్వాప్‌కి ముందు, మిగతాది స్వాప్ తర్వాత ఉంటుంది, ఎల్‌వీఎమ్ చూసుకుంటుంది. ఎల్‌వీఎమ్ లేకుండా స్వాప్ విడి పార్టిషన్‌గా పక్కనే కూర్చుని ఉంటే అప్పుడు అడ్డమే.

ఫెడోరా వాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, మీకు 33 నుంచీ వర్క్‌స్టేషన్‌లో డిఫాల్ట్ ఫైల్‌సిస్టమ్ బీటీఆర్ఎఫ్ఎస్ కాబట్టి ఎల్‌వీఎమ్ మెట్టు ఉండదు, పార్టిషన్, క్రిప్ట్‌సెటప్ రీసైజ్, చివర్లో బీటీఆర్ఎఫ్ఎస్ ఫైల్‌సిస్టమ్ రీసైజ్ మ్యాక్స్, అంతే.

---

ఓరుగల్లు_షెల్

అన్న చెప్పిన దాంట్ల తప్పేం లేదు, నేను ఒక్కటి కలుపుత. అక్కా, ఆ పాత డిస్క్‌ని యూఎస్‌బీ కేసుల పెట్టి ఇదే ల్యాప్‌టాప్‌కి మాత్రం గుచ్చకు, ఫైళ్లు సరిచూసుకుందాం అని కూడా గుచ్చకు.

డీడీతోని కాపీ చేసినవ్ కదా, రెండు డిస్కులకీ యూయూఐడీలు (గుర్తింపు నంబర్లు) ఒక్కటే ఉంటయ్, లక్స్‌ది ఒక్కటే, లోపట ఎల్‌వీఎమ్‌ది కూడా ఒక్కటే. క్రిప్ట్‌ట్యాబ్ ల (బూట్‌ల ఏ లక్స్ తెరవాల్నో రాసి ఉండే ఫైల్) డిస్క్ పేరు ఉండదు, యూయూఐడీ ఉంటది. రెండూ పెట్టి బూట్ చేస్తే ఏది ముందు దొరికితే దాన్నే తెరుస్తది, అది పాతదే కావొచ్చు, నీకు తెల్వనే తెల్వది. పాస్‌ఫ్రేజ్ రెండింటికీ ఒకటే కదా మరి.

నాకు అట్లనే అయింది. పోయిన సంవత్సరం మా తమ్ముడి ల్యాప్‌టాప్‌కి డిస్క్ మార్చినంక, పాతది బయట కేసుల పెట్టి ఉంచి రెండు రోజులు పని చేసిండు. బయటది తీసేసి బూట్ చేస్తే రెండు రోజుల పని లేదు. ఎటుపోయిందని మస్తు వెతికినం, తీరా చూస్తే అంతా పాత డిస్క్‌ల ఉంది. నడుస్తుండంగ గుచ్చి తాళం తెరిచినా ఎల్‌వీఎమ్ డూప్లికేట్ పీవీ అని మొత్తుకుంటది, అట్లాంటప్పుడు రీసైజ్ అస్సలు చేయొద్దు.

సరిచూసుకోవాలంటే వేరే కంప్యూటర్ల పెట్టి చూడు, లేకుంటే లైవ్ యూఎస్‌బీతోని బూట్ చేసి పాతదొక్కటే తెరిచి రీడ్ ఓన్లీగ చూడు.

---

హరికథ_మనవరాలు

ఇద్దరికీ చాలా చాలా థ్యాంక్స్. ఓరుగల్లు గారూ, మీరు చెప్పకపోతే నేను సరిగ్గా అదే చేసేదాన్ని, కేసు టేబుల్ మీదే ఉంది, వెంటనే తీసి బీరువాలో పెట్టాను.

హెడర్ బ్యాకప్ అయింది, పెన్‌డ్రైవ్‌లో పెట్టాను, ఫైల్ సరిగ్గా 16 ఎంబీ వచ్చింది. ఫోటో తీసుకున్నాను. గ్రోపార్ట్ డ్రై రన్‌లో స్టార్ట్ నంబర్ నా ఫోటోలో నంబర్‌తో సరిపోయింది, అమ్మని పక్కన కూర్చోబెట్టుకుని ఒకరు చదువుతుంటే ఇంకొకరం చూసుకున్నాం. అసలుది నడిపితే చేంజ్‌డ్ అని వచ్చింది, ఎల్ఎస్‌బీఎల్‌కేలో మూడో పార్టిషన్ 474.7జీ అయింది! లోపల క్రిప్ట్ మాత్రం ఇంకా 236.3 చూపిస్తోంది.

తర్వాత క్రిప్ట్‌సెటప్ రీసైజ్ కొట్టగానే ఎంటర్ పాస్‌ఫ్రేజ్ అని అడిగింది, అక్కడ ఆగిపోయాను. సిస్టమ్ ఆల్రెడీ తెరిచే ఉంది కదా, మళ్లీ ఎందుకు అడుగుతోంది? మళ్లీ ఎన్‌క్రిప్షన్ ఏమైనా మొదలుపెడుతుందా? కంట్రోల్ సీ కొట్టి బయటికి వచ్చేశాను, ఏమన్నా పాడయిందంటారా? ఇప్పుడు ఇలాగే ఆన్‌లో ఉంచేశాను, ఆపడానికి కూడా భయంగా ఉంది.

---

సెక్టార్_లెక్క

ఏమీ పాడవలేదు మేడమ్, కంగారు పడకండి.

అడగడానికి కారణం ఉంది. లక్స్2లో తెరిచిన తర్వాత అసలు కీని కెర్నెల్ తన కీరింగ్‌లో దాచుకుంటుంది, బయటి ప్రోగ్రామ్‌లకి మళ్లీ చూపించదు. రీసైజ్ అంటే కెర్నెల్‌లో ఉన్న మ్యాపింగ్‌ని కొత్త కొలతతో మళ్లీ ఎక్కించడం, దానికి ఆ కీ కావాలి, అది తీయాలంటే మీ పాస్‌ఫ్రేజ్ కావాలి. అంతకుమించి ఏమీ లేదు. పాత లక్స్1 కంటైనర్లు అయితే అడగవు. రోజూ బూట్‌లో కొట్టే పాస్‌ఫ్రేజే కొట్టండి.

కొట్టాక ఒక్క ముక్క కూడా చెప్పకుండా ప్రాంప్ట్ వచ్చేస్తుంది. అదే సక్సెస్. ఎల్ఎస్‌బీఎల్‌కేతో చూసుకోండి.

ఆపడానికి కూడా భయపడక్కర్లేదు. లక్స్ తన హెడర్‌లో మామూలుగా నేను ఇన్ని జీబీ అని రాసుకోదు, తెరిచినప్పుడు పార్టిషన్ ఎంత ఉంటే అంతా నాదే అనుకుంటుంది. అంటే మీరు ఇప్పుడు రీస్టార్ట్ చేసినా క్రిప్ట్ లైన్ దానంతటదే 474.7 అయిపోతుంది, ఈ రీసైజ్ కమాండ్ ఉన్నది రీబూట్ చేయకుండా పని జరగాలి అనుకునేవాళ్ల కోసం. సర్వర్ల మీద పనిచేసేవాళ్లకి ఇది ప్రాణం, మనకి సౌకర్యం. మీకు ఏది ధైర్యంగా ఉంటే అది చేయండి, రెండూ ఒకచోటికే చేరతాయి.

---

అక్షరాల_అంగడి

నేను తెనాలి దగ్గర చిన్న డీటీపీ షాపు నడుపుతాను. ఈ థ్రెడ్ చదివి రాయకుండా ఉండలేకపోతున్నా, ఎందుకంటే నేను ఇదే పనిని తిరగేసి చేసి నానా అవస్థా పడ్డాను, ఇది చూసి ఎవరో ఒకరు తగ్గించే పని కూడా ఇలాగే అనుకుంటారేమో అని నా భయం.

షాపు డెస్క్‌టాప్‌లో 1 టీబీ డిస్క్, మొత్తం లక్స్. పక్కన వేరే ఓఎస్ పెట్టుకోవడానికి 200 జీబీ కావాల్సొచ్చింది. ఖాళీ 600 జీబీ దాకా ఉంది కదా అని పార్టెడ్‌తో నేరుగా పార్టిషన్‌ని తగ్గించేశాను, తగ్గిస్తే డేటా పోవచ్చు అని హెచ్చరిక వచ్చింది, ఖాళీయే కదా తీస్తున్నాను అనుకుని ఎస్ కొట్టాను. అప్పుడేమీ కాలేదు. రీబూట్ చేస్తే పాస్‌ఫ్రేజ్ తీసుకుంది, ఆ తర్వాత డివైస్ సైజ్ పీవీ సైజ్ కన్నా చిన్నగా ఉంది, వాజ్ డివైస్ రీసైజ్‌డ్ అని ఒక లైన్, రూట్ మౌంట్ కాలేదు, నల్ల స్క్రీన్ మీద బిజీబాక్స్ (బూట్ ఆగిపోతే వచ్చే చిన్న కమాండ్ లైన్) ప్రాంప్ట్. మర్నాడు ఇవ్వాల్సిన పెళ్లి కార్డుల ఫైళ్లు, రెండు స్కూళ్ల ప్రశ్నపత్రాలు అన్నీ దాంట్లోనే. ఆ రాత్రి మా ఆవిడ కాఫీ పెట్టి తెచ్చి పక్కన కూర్చుంది, ఇద్దరం మాట్లాడుకోలేదు.

బయటపడింది ఎలాగంటే, పార్టెడ్‌లో మొదలుపెట్టే ముందు యూనిట్ ఎస్ అని కొట్టి ప్రింట్ తీసిన స్క్రీన్‌ని ఫోటో తీసి ఉంచుకున్నాను, ఎండ్ సెక్టార్ నంబర్ దాంట్లో స్పష్టంగా ఉంది. లైవ్ యూఎస్‌బీతో బూట్ చేసి పార్టిషన్ చివరని సరిగ్గా ఆ సెక్టార్‌కే తిరిగి పెట్టాను. ఖాళీ అయిన జాగాలో ఇంకా ఏమీ రాయలేదు కాబట్టి అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి, ఎఫ్ఎస్‌సీకే (ఫైల్‌సిస్టమ్‌ని తనిఖీ చేసేది) కూడా క్లీన్ అంది. ఆ 200 జీబీలో కొత్త ఓఎస్ ఇన్‌స్టాల్ చేసి ఉంటే ఇంక అంతే సంగతులు. అందుకే సెక్టార్ గారు ఫోటో తీయండి అన్నప్పుడు నాకు గుండెకి తగిలింది ఆ మాట.

తర్వాత సరైన పద్ధతిలో చేశాను. లైవ్ యూఎస్‌బీలో లక్స్ తెరిచి, మౌంట్ చేయకుండా, లోపల్నుంచి బయటికి: మొదట ఈటూఎఫ్ఎస్‌సీకే, తర్వాత ఫైల్‌సిస్టమ్‌ని కావాల్సినదాని కన్నా ఒక పది జీబీ ఎక్కువే తగ్గించి, తర్వాత ఎల్‌వీరెడ్యూస్, తర్వాత పీవీరీసైజ్, తర్వాత క్రిప్ట్‌సెటప్ రీసైజ్, అన్నిటికన్నా ఆఖర్న పార్టిషన్. పీవీరీసైజ్ దగ్గర మళ్లీ ఆగింది, లేటర్ వన్స్ ఆర్ అలొకేటెడ్ అంటూ. చూస్తే స్వాప్ ఎల్‌వీ (ఎల్‌వీఎమ్‌లో స్వాప్ గది) సరిగ్గా చివర్లో కూర్చుని ఉంది. దాన్ని పీవీమూవ్‌తో ముందుకి జరిపితే అప్పుడు ఒప్పుకుంది. అంతా అయ్యాక ఆ పది జీబీ తేడాని మళ్లీ పెంచుకున్నాను.

పెంచేటప్పుడు మధ్యలో ఆగినా ఫర్వాలేదు అన్నారు కదా, తగ్గించేటప్పుడు వరస తప్పితే అలా కాదు. దయచేసి పెంచే కమాండ్ల వరసనే ఉంచి అంకె మార్చి తగ్గిద్దాం అని ఎవరూ అనుకోకండి.

---

రెండు_ఓఎస్‌లు

థ్రెడ్ మధ్యలోకి వస్తున్నందుకు సారీ, నాది కూడా దాదాపు ఇదే, కొత్త పోస్ట్ పెట్టాలా అని ఆలోచించి ఇక్కడే అడుగుతున్నా. నాది డ్యూయల్ బూట్, విండోస్ ముందు, దాని తర్వాత బూట్, ఆ తర్వాత లక్స్. విండోస్‌లో డిస్క్ మేనేజ్‌మెంట్‌తో సీ డ్రైవ్‌ని 100 జీబీ తగ్గించాను. ఆ ఖాళీ లినక్స్‌కి ఇద్దామంటే గ్రోపార్ట్ నోచేంజ్ అంటోంది. 100 జీబీ అక్కడ కళ్లముందే కనబడుతోంది బ్రో, ఎందుకు తీసుకోదు?

---

సెక్టార్_లెక్క

మీ ఖాళీ ఎడమవైపు ఉంది తమ్ముడూ. సీ డ్రైవ్ చివర కోస్తే వచ్చిన జాగా మీ లక్స్‌కి ముందు ఉంటుంది, తర్వాత ఉండదు, మధ్యలో బూట్ పార్టిషన్ కూడా ఉంది. గ్రోపార్ట్ చివర మాత్రమే జరపగలదు. ఎడమకి పెంచాలంటే హెడర్‌తో సహా ప్రతి బైటూ ఎడమకి మోసుకెళ్లాలి, అది ఆఫ్‌లైన్ పని, గంటల పని, మధ్యలో కరెంటు పోతే ఎక్కడిదాకా మోశామో తెలీదు. నేనైతే చేయను.

ఎల్‌వీఎమ్ ఉంటే వేరే దారి ఉంది. ఆ 100 జీబీలో కొత్త పార్టిషన్ చేసి, దానికీ లక్స్ పెట్టి, తెరిచి, పీవీక్రియేట్ చేసి, వీజీఎక్స్‌టెండ్‌తో పాత గ్రూప్‌లోకి కలిపేయండి. అప్పుడు రూట్ పెంచుకోవచ్చు, ఇదంతా నడుస్తుండగానే. అయితే ఇకమీద బూట్ అవ్వాలంటే రెండు కంటైనర్లూ తెరుచుకోవాలి. రెండోదాని కీఫైల్‌ని (పాస్‌ఫ్రేజ్ బదులు వాడే ఫైల్) రూట్‌లో పెడదాం అంటే కుదరదు, రూట్ కనబడాలంటే ముందు అది తెరవాలిగా. ఉబుంటులో అయితే రెండింటికీ ఒకే పాస్‌ఫ్రేజ్ పెట్టి, కీయూటిల్స్ ఇన్‌స్టాల్ చేసి, క్రిప్ట్‌ట్యాబ్‌లో రెండు లైన్లకీ మూడో కాలమ్‌లో ఒకే పేరు ఇచ్చి, కీస్క్రిప్ట్‌గా డిక్రిప్ట్ కీకంట్రోల్ ఇస్తే ఒక్కసారే అడుగుతుంది. తర్వాత అప్‌డేట్ ఇనిట్‌రామ్ఎఫ్ఎస్ (ఆ మార్పులని బూట్ ఫైళ్లలోకి ఎక్కించే కమాండ్) మర్చిపోతే మాత్రం తర్వాతి బూట్‌లో ఇరుక్కుంటారు.

---

ఓరుగల్లు_షెల్

అన్నా, ఇక్కడ మాత్రం నేను ఒప్పుకోను, ఏమనుకోకు. రూట్‌ని రెండు కంటైనర్ల మీద పరవొద్దు. రెండిట్ల ఒక్కటి తెరుచుకోకపోయినా సిస్టమే లేవదు. రేపు తమ్ముడు విండోస్ దిక్కుకెళ్లి, ఈ గుర్తుతెలియని పార్టిషన్ ఏందని ఫార్మాట్ కొడితే? విండోస్‌కి లక్స్ అర్థం కాదు, డ్రైవ్‌కి లెటర్ వచ్చిందంటే ఫార్మాట్ చేయాల్నా అని అదే అడుగుతది, ఇంట్లోళ్లు ఎవరన్నా ఓకే కొడితే అయిపాయె.

తమ్మీ, ఆ 100 జీబీని వేరే లక్స్ చెయ్యి, లోపట నేరుగ ఈఎక్స్‌టీ4, డేటా అని పేరు పెట్టి మౌంట్ చేసుకో. కీఫైల్ రూట్‌ల పెట్టు, రూట్ యూజర్ తప్ప ఎవరూ చదవకుండ పర్మిషన్ పెట్టు, ఇక్కడ కీఫైల్ పనిచేస్తది ఎందుకంటే రూట్ అప్పటికే తెరుచుకుని ఉంటది. క్రిప్ట్‌ట్యాబ్‌ల, ఎఫ్ఎస్‌ట్యాబ్‌ల (మౌంట్ చేసేవాటి జాబితా) రెండింట్లా నోఫెయిల్ పెట్టు, అది దొరకకపోయినా బూట్ ఆగదు. ఇంకొక పాస్‌ఫ్రేజ్ కూడ చేర్చుకో, కీఫైల్ పోయినా తెరవొచ్చు. సినిమాలు, ఫోటోలు, వర్చువల్ మెషీన్లు అటు జరిపితే రూట్ దానంతటదే ఖాళీ అయితది. అది పోయినా సిస్టమ్ లేస్తది.

---

సెక్టార్_లెక్క

ఒప్పుకుంటున్నా. విండోస్ పక్కన ఉన్నప్పుడు ఇదే మేలు. తమ్ముడూ, నా పద్ధతి వదిలేసి ఓరుగల్లు గారు చెప్పినట్టు చేయండి.

---

హరికథ_మనవరాలు

అయిపోయింది!!

రాత్రి పన్నెండింటికి ధైర్యం చేసి పాస్‌ఫ్రేజ్ కొట్టాను. మీరన్నట్టే ఒక్క ముక్క కూడా చెప్పకుండా ప్రాంప్ట్ వచ్చేసింది, ఎల్ఎస్‌బీఎల్‌కేలో క్రిప్ట్ 474.7జీ. పీవీరీసైజ్ ఒక క్షణం. వీజీఎస్‌లో విఫ్రీ 238.4 అని చూసినప్పుడు మాత్రం కుర్చీలోంచి లేచాను. 218 రూట్‌కి ఇచ్చి మిగతాది స్నాప్‌షాట్ల కోసం వదిలేశాను. ఆన్‌లైన్ రీసైజింగ్ రిక్వైర్డ్ అని ఒక లైన్ వచ్చింది, అది తప్పేమో అని ఒక్క క్షణం ఊపిరి బిగబట్టాను, నడుస్తుండగానే పెంచుతున్నా అని చెప్పడమే అది, కింద ఇన్ని బ్లాకులు అయింది అని వచ్చేసింది. డీఎఫ్ (జాగా ఎంతుందో చూపించే కమాండ్) కొడితే ఇప్పుడు 445జీ చూపిస్తోంది, ఖాళీ 200 జీబీ పైనే. ఇదంతా జరుగుతున్నప్పుడు పక్క విండోలో తాతగారి రుక్మిణీ కళ్యాణం ప్లే అవుతూనే ఉంది, ఎక్కడా ఆగలేదు.

పొద్దున్న రీబూట్ చేసి, 58 క్యాసెట్ల ఫైళ్లకీ నేను ముందే తీసి ఉంచిన చెక్‌సమ్‌లతో (ఫైల్ మారిందో లేదో చెప్పే నంబర్లు) పోల్చాను, అన్నీ సరిపోయాయి. పాత డిస్క్ ఇంకా బీరువాలోనే ఉంది, కదపలేదు.

అక్షరాల అంగడి గారూ, మీ పోస్ట్ అమ్మకి చదివి వినిపించాను. ఓరుగల్లు గారూ, సెక్టార్ గారూ, ఏం చెప్పాలో తెలీట్లేదు. 59వ క్యాసెట్ పెట్టాను ఇప్పుడే, మీద తాతగారి చేతిరాతలో భక్త మార్కండేయ అని ఉంది, రెండో వైపు ఏముందో ఇంట్లో ఎవరికీ గుర్తులేదు.